వకుళ ఏమైంది?

సింహాచలమ్మ నోట్లో అడ్డచుట్ట ఉన్నంతసేపూ ఆమెను పలకరించి లాభం లేదు. నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని, పెదాలు బిగించి, ఒక బుగ్గ కాస్త ఉబ్బించుకుని బడి వసారాలో మంచినీళ్ళ కుండలు తోముతోంది. శనివారం ఒంటిపూట బడి. పిల్లలు వెళ్ళిపోయారు కాబట్టి చుట్ట వెలిగించింది, పిల్లలుండగా ముట్టుకోదు. కొబ్బరిపీచుతో కుండ మెడ చుట్టూ రుద్ది, లోపల చెయ్యి పెట్టి తడిమి చూసి, కడిగి, పక్కన బోర్లిస్తోంది. మనిషి సన్నం. మోచేతుల దాకా పచ్చబొట్లు, ముక్కుకి రెండువైపులా పుడకలు, నుదుట శనగగింజంత కుంకుమ. మోకాళ్ళు నొప్పులని ఆమె ఎవరితోనూ అనదు గానీ, లేచేటప్పుడు గోడ పట్టుకుంటుంది.

బడిలో ఆమె పని నీళ్ళు పొయ్యడం, గదులు ఊడవడం, గంట కొట్టడం. ఇన్నేళ్ళలో ఆమె పేరు ఎవరూ కోపంగా తలుచుకోలేదు. మెచ్చుకోలుగానూ తలుచుకోలేదనుకోండి. కుండలో నీళ్ళున్నంతకాలం పోసిందెవరని ఎవరడుగుతారు?

ఈ రోజు మాత్రం ఆమె చెయ్యి తొందరపడుతోంది. మధ్యాహ్నం ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో, ఓల్డ్ సెటిల్‌మెంటు వైపున్న బాలాంబగారి వసారాలో నవల ఆఖరి ప్రకరణం చదువుతారు. బాలాంబగారి భర్త సోమేశ్వరరావుగారు రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఆయనకి వాల్తేరు బదిలీ అయింది. సామానంతా ముందే వెళ్ళిపోయింది; సాయంత్రం బండికి మొగుడూ పెళ్ళాం కూడా వెళ్ళిపోతారు. ఈ పూట వినకపోతే మరి వినడమంటూ ఉండదు.

కుండలు అయ్యేసరికి హెడ్మాస్టరు గోపాలంగారు గొడుగు తీసుకుని బయల్దేరుతూ, రేపు ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం వార్షికోత్సవం మన హాల్లోనే కాబట్టి రెండు డ్రమ్ములూ నింపి మరీ వెళ్ళమన్నారు. ఆమె తలూపింది. నోట్లో చుట్ట ఉంది కదా. ఆయన గేటు దాటాక కుళాయి తిప్పితే గాలి బుస్సుమంది తప్ప చుక్క నీరు రాలేదు. సరిగ్గా అవసరమైన రోజునే మొరాయించడం కుళాయిలకీ ఎడ్లకీ ఉన్న గుణమే. చుట్ట ఆర్పి, చెవిమీద పెట్టుకుని, కుళాయి గట్టున కూర్చుంది.

నవల పేరు 'ఎల్లకోట'. రెండు రాజ్యాల నడుమ ఒక ఏరు, ఏటిగట్టున కోట, ఆ కోట కాచే దొర కూతురు వకుళ. అవతలి రాజ్యపు గుర్రపురౌతు జయదత్తుడు. ఎలాగో మనసులు కలిశాయి. యుద్ధం ముంచుకొచ్చేవేళ అతను పడవ తెచ్చి, నాతో వచ్చెయ్యమన్నాడు. లోపల తండ్రి కాలూ చెయ్యీ పడిపోయి మంచం మీద ఉన్నాడు. వకుళ వెళ్ళలేదు. పడవ వెళ్ళిపోయింది.

పుస్తకం బాలాంబగారి సొంతం. మధ్యాహ్నం పనులయ్యాక గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని పైకి చదివేది. వినడానికి వచ్చేవాళ్ళు నలుగురు. కార్ఖానాలో పనిచేసే ఎర్రయ్య పెళ్ళాం పోలమ్మ, బజారులో చేపలు అమ్ముకుని బుట్ట వీధి చివర దించి వచ్చే చిలకమ్మ, ఆసుపత్రిలో గదులు తుడిచే ఆలిస్, మెట్టు మీద సింహాచలమ్మ. నలుగురికీ అక్షరం ముక్క రాదు. ఆ వసారాకి ఒక కట్టడి ఉండేది. ప్రకరణం అయ్యాక ప్రతి మనిషీ తన అభిప్రాయం చెప్పాలి, చెప్పినవాళ్ళకే తాంబూలం. ఊరికే విని లేచిపోతే కథకి దిష్టి తగులుతుందని బాలాంబగారు నవ్వులాటకి పెట్టిన షరతు అది. వీళ్ళు దాన్ని శాస్త్రంలా పట్టుకున్నారు. పోలమ్మ అయితే సగం ప్రకరణం కాకుండానే తీర్పు తయారుచేసుకుని, మిగతా సగంసేపూ దాన్ని మరిచిపోకుండా లోపల్లోపల గొణుక్కునేది.

కథని వాళ్ళు కథలాగా విన్నారంటే అదీ లేదు. వకుళ తండ్రి పోయిన ప్రకరణం చదివిన రోజున నలుగురూ లేచి తిన్నగా వీధి కుళాయి దగ్గరికి వెళ్ళి తలమీద నీళ్ళు గుమ్మరించుకున్నారు. చావుకబురు విన్నాక స్నానం లేకుండా పొయ్యి ముట్టించడమెలా? ఏసుని కొలిచే ఆలిస్ కూడా, నలుగురితో పాటు నాకూ అని, రెండు చెంబులు పోసుకుంది. ఎదురింటి బెంగాలీ దీదీ హడలిపోయి ఎవరు పోయారని అడిగితే, చిలకమ్మ తనకొచ్చిన బెంగాలీలో, మా పిల్ల తండ్రి పోయాడు, మంచి మనిషి అంది. దీదీ పాపం ఆ సాయంత్రమంతా రేడియో పెట్టలేదు. సంగతి తెలిసి బాలాంబగారు పొట్ట పట్టుకుని నవ్వింది. మర్నాడు మాత్రం నవ్వకుండా, కాస్త గొంతు తగ్గించి చదివింది.

సింహాచలమ్మకి ఏ రోజూ తాంబూలం దక్కలేదు. తన వంతు రాగానే "నాకేటి తెల్సమ్మా" అని చుట్ట కోసం చెవి తడుముకునేది.

తెలియక కాదు. కథలో తండ్రి పోయిన దగ్గర్నుంచీ వసారాలో రోజూ వకుళ మీదే తగువు. పోలమ్మకి ఆ పిల్ల పొడ గిట్టదు. మనసిచ్చినవాడు పడవతో వచ్చి పిలిస్తే కదలనిది ఆడదేమిటి, అది రాతిగుండె అని ఆమె తీర్పు. చిలకమ్మ జయదత్తుడి కోసం ఏడ్చేది. ఆ పిల్ల వెంట ఉండుంటే అతను ఆచూకీ లేకుండా పోయేవాడు కాదనేది. వాళ్ళు కథలో మనిషినే అంటున్నారు, ఎవరినీ ఎత్తిపొడవడం లేదు. మెట్టు మీద కూర్చున్న మనిషికి మాత్రం ఒక్కొక్క మాటా ముల్లులా దిగేది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సింహాచలమ్మ మొగుడు నూకయ్య, అస్సాంలో కొత్త పట్టాల పనికి ఎక్కువ జీతమంటే బయల్దేరాడు. నువ్వూ రా అన్నాడు. బతిమాలాడు, కేకలేశాడు. అప్పటికి అత్త పక్షవాతంతో మంచాన ఉంది. ఎవరైనా తిప్పితే గానీ పక్కకి ఒత్తిగిలలేదు. ఆవిడని ఎవరికి అప్పగించి వెళ్తుంది? సింహాచలమ్మ ఉండిపోయింది. నూకయ్య వెళ్ళాడు. కొన్నాళ్ళు డబ్బు పంపాడు, తరవాత ఏదీ రాలేదు. మలేరియా అన్నారు, బాంబు అన్నారు, అక్కడే మరొకతెని ఉంచుకున్నాడన్నారు. కళ్ళతో చూశామన్నవాళ్ళు లేరు. చావుకబురు రాలేదు కాబట్టి ఆమె బొట్టు తియ్యలేదు. అత్త పోయిన రోజున, ఇంకా పాడె లేవకముందే, ఆడబిడ్డ అందరిలోనూ అనేసింది: "నువ్వు ఎంట ఎల్లుంటే నా తమ్ముడు దక్కును."

ఆ మాట సింహాచలమ్మ నమ్మింది. ఎవరితోనూ అనలేదు గానీ నమ్మింది. ఇన్నేళ్ళూ నమ్ముతూనే నీళ్ళు మోసింది, గంట కొట్టింది, అన్నం తింది.

ఇప్పుడు ఆమెకి కావలసిందల్లా ఒకటే. నవల రాసినాయన వకుళని ఆఖరికి ఏం చేశాడు? ఆయనెవరో ఏ ఊరివాడో ఆమెకి తెలియదు. కానీ అంత పుస్తకం రాసినవాడు మంచీ చెడూ తూచకుండా రాస్తాడా? ఉండిపోయిన పిల్లకి ఆయన ఏది రాస్తే అదే న్యాయం. శిక్ష వేస్తే శిక్షే, నెత్తిన వేసుకుంటుంది. మన్నిస్తే... ఆ మాట దగ్గర ఆమె ఆలోచన ఆగిపోయేది.

ఎండ వాలాక కుళాయి దగ్గి, తుప్పునీళ్ళు కక్కి, సన్నగా ధార కట్టింది. డ్రమ్ములు వదిలేసి వెళ్ళిపోకూడదా అని మీరనొచ్చు. అత్తని వదిలి వెళ్ళని మనిషి డ్రమ్ముల్ని వదిలి వెళ్తుందా? రెండూ నింపి, మూతలు పెట్టి, అప్పుడు పరుగులాంటి నడక అందుకుంది.

వసారాలో బాలాంబగారు లేదు. తలుపుకి తాళం. రిక్షా ఎక్కి స్టేషనుకి వెళ్ళిపోయారు. మిగిలిన ముగ్గురూ మాత్రం అక్కడే కూర్చుని వాదించుకుంటున్నారు. ముగ్గురి నోళ్ళూ తాంబూలంతో ఎర్రగా పండి ఉన్నాయి.

"ఏటైనాది?" అంది సింహాచలమ్మ, రొప్పుతూ.

"ఏటవుతాది? నాను ముందే సెప్పినాను కదా, అలాటిదానికి అలాగే అవ్వాల" అంది పోలమ్మ.

అలాగే అంటే ఎలాగ అని అడిగితే పోలమ్మ చిలకమ్మ వంక చూసింది. చిలకమ్మ గుండె తరుక్కుపోయిందంది. మంచి జరిగితే తరుక్కుపోయిందా, చెడు జరిగితేనా అంటే, అది తనకి తెలియదనీ, పేజీ తిప్పగానే ఏడుపొచ్చేసిందనీ ఒప్పుకుంది. ఆలిస్ కళ్ళు మూసుకుని, దేవుడు అందర్నీ కనిపెట్టుకునే ఉంటాడని తేలిందని చెప్పింది. జయదత్తుడు వచ్చాడా? వచ్చినట్టే ఉందని ఒకరు, లేదని ఒకరు. పిల్ల బతికిందా? చచ్చిపోయిందని పోలమ్మ, చచ్చిపోయింది గానీ చాలా ఏళ్ళకని ఆలిస్. ఎవరి అభిప్రాయం వాళ్ళ దగ్గర చెక్కు చెదరకుండా ఉంది. కథే ఎవరి దగ్గరా లేదు. పుస్తకమా, బాలాంబగారి ట్రంకులో పడి స్టేషనుకి పోయింది.

సింహాచలమ్మ వెనుదిరిగింది.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడుగు ఎంతో ఆ ఊరివాళ్ళకి చెప్పనక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి అసలే చెప్పనక్కర్లేదు. వాల్తేరు బండి వచ్చి నిలబడి ఉంది. ఆమె ఒక్కొక్క కిటికీలోకి తొంగి చూసుకుంటూ నడిచింది. కూలీలు తోసుకుపోతున్నారు. ఎవరో బెంగాలీ దాదా పక్కకి జరగమని కసిరాడు. చాలా దూరం పోయాక కిటికీలో బాలాంబగారి తెల్లటి ముక్కుపుడక కనపడింది. సోమేశ్వరరావుగారు మంచినీళ్ళు పట్టడానికి దిగి వెళ్ళారు.

బాలాంబగారు ఆమెను చూసి, నీకోసం ఎంతసేపు చూశామో తెలుసా అని మందలించింది. నీళ్ళు రాలేదని చెప్పి, సింహాచలమ్మ కిటికీ కమ్మీలు రెండు చేతులా పట్టుకుంది.

"వకుళ ఏటైనాదమ్మగోరూ?"

ఇందుకా ఇంత దూరం వచ్చావని నవ్వబోయి, ఆ మొహం చూసి బాలాంబగారు నవ్వలేదు. ముందుకి జరిగి కూర్చుని నెమ్మదిగా చెప్పింది. జయదత్తుడు తిరిగి రాలేదు. ఏమయ్యాడో రచయిత రాయలేదు. వకుళ కోటలోనే ఉండిపోయింది. యుద్ధాలు ఆగాయి, రాజులు మారారు, ఏటిమీద పడవలు మామూలుగా తిరిగాయి. వరదలొచ్చినప్పుడు ఈ గట్టువాళ్ళనీ ఆ గట్టువాళ్ళనీ కోటలోకి పిలిచి గంజి పోసేది. అలాగే ముసలిదైపోయింది.

"ఎలా సచ్చిపోనాది?"

"మంచం మీదే. నిద్రపోతున్నట్టే."

"సుట్టూ ఎవులైనా ఉన్నారా?"

"ఉన్నారే. రెండు గట్లవాళ్ళూ వచ్చారట. గది చాలక వాకిలంతా నిలబడ్డారని రాశాడు."

బండి కింద ఆవిరి బుసకొట్టి ఆగింది. సింహాచలమ్మ, అడగడానికే భయపడుతున్నట్టు అడిగింది. "తప్పు సేసినాదని రాసినాడా అమ్మా?"

"లేదు. నేను మూడుసార్లు చదివాను. ఎక్కడా రాయలేదు."

"అయితే నా మాట సెప్తాను" అంది సింహాచలమ్మ. "మంచాన పడ్డ మనిసిని ఒగ్గీసి ఎలా ఎల్తాది? ఆ గుంట తప్పేటీ నేదు. నానూ ఎల్లనేదమ్మా. మా అత్తని ఒగ్గీసి నానూ ఎల్లనేదు."

బాలాంబగారు ఆమె నుదుటి కుంకుమ వంక చూసింది. ఇన్నాళ్ళూ మెట్టు మీద కూర్చుని నోరు మెదపని మనిషి ఏం విన్నదో, ఎలా విన్నదో అప్పుడు తెలిసింది. తన వసారాలోనే ఆ మాటలన్నీ పడ్డాయని తలుచుకుంటే ఆవిడకి కళ్ళు చెమర్చాయి. కమ్మీల మధ్యనుంచి చెయ్యి బయటికి పెట్టి, పచ్చబొట్ల చేతిని గట్టిగా పట్టుకుంది. "నీ తప్పు కూడా ఏమీ లేదే సింహాచలం" అంది.

ఒక మనిషి నోట ఆ మాట వినడం సింహాచలమ్మకి అదే మొదలు. ఆమె ఏడవలేదు. మొహమంతా విప్పారి, చిన్నపిల్లలా తలూపింది.

సోమేశ్వరరావుగారు నీళ్ళు పట్టుకుని ఎప్పుడో వచ్చారు. ఆడవాళ్ళ మాటల మధ్యకి రావడమెందుకని చేతిలోది బెంచీ మీద దించి, కొంచెం ఎడంగా నిలబడ్డారు. గార్డు ఈల వేసేసరికి ఉలిక్కిపడి, పంచె పైకెత్తి, పరిగెత్తి పెట్టెలోకి ఎక్కారు. బండి కదిలింది. బాలాంబగారి చెయ్యి కాస్త దూరం దాకా కిటికీ బయటే కనపడింది.

సింహాచలమ్మ బండికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. బాలాంబగారికి పెట్టింది, పేరైనా తెలియని ఆ రాసినాయనకి పెట్టింది, తప్పని ఎక్కడా రాయనందుకు మరొకసారి పెట్టింది. ఆయన సల్లగుండాలని పైకే అంది. ఆఖరి పెట్టె మలుపు తిరిగాక, కాళ్ళు పీకుతుంటే కూర్చుందామని వెనక్కి తిరిగింది.

బెంచీ మీద సోమేశ్వరరావుగారు మరిచిపోయిన మట్టికూజా, మెడకి తడిగుడ్డ చుట్టి, మూతిమీద ఇత్తడి గ్లాసు బోర్లించి, అంచుదాకా నిండి, చెమ్మ కారుతూ అలాగే ఉంది.