గడియారం వెనక్కి తిప్పిన శుక్రవారం

మొగల్తూరులో యూదుల ఇళ్ళు మూడంటే మూడు. మూడిళ్ళ పెద్దవాళ్ళనూ కూడేసినా పదిమంది తేలరు. పదిమంది లేనిదే కద్దీష్ చదవకూడదు. పోయినవాళ్ళ పేరు మీద కొడుకు నిలబడి చదివే ప్రార్థన అది. అందుకే దానియేలు తండ్రి యెషయా ఓపికగా వెతికి, లండన్‌లో ఒక ప్రార్థనా మందిరం వాళ్ళను ఫోన్‌లో పట్టుకున్నాడు. రేషన్ కార్డులో ఆయన పేరు ఇప్పటికీ పాత క్రైస్తవ పేరు ఏసురాజే. ఆ సంగతి చెప్పి వాళ్ళను కడుపుబ్బ నవ్వించాడు కూడా. ప్రతి శుక్రవారం వాళ్ళూ, కేప్‌టౌన్ వాళ్ళూ, బ్యూనస్ ఎయిర్స్ నుంచి ఒక ముసలి జంటా వీడియో కాల్లో కలిసేవారు. "నేను పోతే వీళ్ళ మధ్యే చదవరా" అని కొడుక్కి చెప్పి ఉంచాడు.

మంగళవారం పోయాడు.

దానియేలుకు ఏడుపు రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు అతని పొడి కళ్ళు చూసి చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ, వాళ్ళకేం తెలుసు! తిమ్మిరెక్కిన కాలిని గిల్లితే ఎవరి కాలో అనిపించినట్టు, అతనికి మనిషంతా అలాగే ఉంది. లండన్‌కి కబురు పెట్టమని భార్య రూతు చెబుతూనే ఉంది. శుక్రవారం ఎలాగూ కలుస్తాంగా అన్నాడు. ఆ నాలుగు ముక్కలు టైపు చెయ్యడానికి చెయ్యి రాలేదు.

శుక్రవారం నాలుగున్నరకి ఎప్పటిలాగే ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి కాల్ కలిపాడు. ఎవరూ రాలేదు.

"ఏంటండీ, ఇంకా రారు? పొద్దు వాలిపోతోంది" అంది రూతు.

అప్పుడు తట్టింది. చలికాలం ముందు లండన్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అక్కడి వేళకే వాళ్ళు కూర్చున్నా ఇక్కడికి గంట ఆలస్యమవుతుంది. ఏటా నాన్నే గుర్తుపెట్టుకుని, ఇక్కడ పొద్దుగూకకముందే మొదలుపెట్టండని వాళ్ళకు మెసేజ్ పెట్టేవాడు. ఈ ఏడు ఎవరు పెడతారు?

రూతు ఇక ఆగలేక దీపాలు వెలిగించి కళ్ళు మూసుకుంది. ఏ పనీ చెయ్యకూడని సబ్బాతు వచ్చేసింది. మళ్ళీ రేపు చుక్కలు పొడిచేదాకా ఫోన్ ముట్టుకోకూడదు. ముందే పెట్టిన ఫోన్ ముందే వెలిగించిన దీపంలాంటిదేననీ, చూడొచ్చు గాని వేలు పెట్టకూడదనీ యెషయా తీర్పు. తప్పో ఒప్పో, ఆ ఇంట్లో అదే చట్టం.

సరిగ్గా అప్పుడే తెర మీద మొహాలు వచ్చాయి. ప్రార్థన నడిపే మిరియం నవ్వుతూ ఇంగ్లీషులో పలకరించింది. "దానియేల్, నాన్నగారేరీ? ఈసారి గడియారం సంగతి మాకు గుర్తు చెయ్యనే లేదు. తప్పంతా ఆయనదే!"

"నాన్న పోయారండి" అన్నాడు దానియేలు. మాట అటు వెళ్ళలేదు. కాల్లోకి వచ్చిన ప్రతివాళ్ళ మైకూ మూసే ఉంటుంది, ఎవరిది వాళ్ళే తెరుచుకోవాలి. మిరియం పంపిన అన్‌మ్యూట్ బటన్ తెర మధ్యలో వచ్చి కూర్చుంది. వేలు ఆనిస్తే చాలు.

గుమ్మంలో కూర్చున్న పక్కింటి లోవమ్మ, చేపల గంప పక్కన పెట్టి లేచింది. "నే నొక్కనా తమ్ముడూ?"

"వద్దక్కా. మా కోసం ఇంకోళ్ళ చేత నొక్కించినా నాన్న ఒప్పుకునేవాడు కాదు."

నెట్‌వర్క్ బాగోలేదనుకుని మిరియం ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యమధ్యలో వాళ్ళలో వాళ్ళు చిన్న జోకులు వేసుకుంటున్నారు. దానియేలు వింటూ కూర్చున్నాడు. వాళ్ళ దృష్టిలో నాన్న ఇంకా బతికే ఉన్నాడు. చివరికి ఆవిడ అంది, "దుఃఖంలో ఉన్నవాళ్ళు లేచి నిలబడండి."

దానియేలు లేచాడు. మొహం కనబడేలా గోడ దాకా వెనక్కి జరిగాడు.

మిరియం చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. బ్యూనస్ ఎయిర్స్ ముసలాయన కళ్ళజోడు తీసేశాడు.

దానియేలు కద్దీష్ అందుకున్నాడు. ఇల్లంతా వినబడుతోంది గాని, అటు వాళ్ళకు పెదాలే కనబడుతున్నాయి. మిరియం తెర దగ్గరికి వంగి ఆ పెదాలనే చూస్తోంది. ఆ ప్రార్థన వాళ్ళందరికీ కంఠతా వచ్చు. ఆగవలసిన చోట అతను ఆగగానే "ఆమేన్" అంది. వెంటనే కేప్‌టౌన్ వాళ్ళన్నారు. కాస్త ఆలస్యంగా, దూరం నుంచి, ముసలాయన ఏడుపు గొంతుతో "ఆమేన్" అన్నాడు.

అంత దూరాన ఒక మనిషి నాన్న కోసం ఏడుస్తున్నాడు. నాన్న పోయాడన్న సంగతి దానియేలుకు అప్పుడు తెలిసింది. ఏడుపు తన్నుకొచ్చి మాట ఆగిపోయింది. అటు వాళ్ళు ఎవరూ కదల్లేదు. అతని పెదాలు మళ్ళీ కదిలేదాకా అందరూ అలాగే చూస్తూ కూర్చున్నారు.