ఒక్కరికే పాసు

ఆసుపత్రి గుమ్మం దాటగానే సదానందం చొక్కా కింద దాచిన పిస్తోలుకు నాడి కొట్టుకోవడం మొదలవుతుంది. అతడు ఆశ్చర్యపోడు. విడిచి ఉన్న గుండీ పెట్టుకుని, వెళ్లి వరుసలో నిలబడతాడు.

మూడో అంతస్తులో అతని కూతురు రవళికి ఆపరేషన్ పూర్తయింది. మత్తు దిగుతోంది. తల్లి లేని తొమ్మిదేళ్ల పిల్ల. కళ్లు తెరవగానే మొదట తన తండ్రి ముఖమే కనిపించాలని పొద్దున అతని చేత ఒట్టు వేయించుకుంది.

పాసులిచ్చే కనకలక్ష్మి అతని మణికట్టు మీద రెండు వేళ్లుంచి, కళ్లు మూసుకుని లెక్కపెడుతుంది.

"ఇద్దరొచ్చిన్రు," అంటుంది. "పేషెంటుకు ఒక్కరే. పాసు ఎవరికియ్యాలె?"

"నాకే గదమ్మా. పిల్ల బాపును నేను."

"అయితే దాన్ని బయట పెట్టి రా."

సదానందం చేయి నడుము దాకా వెళ్లి ఆగుతుంది. భూమి తగాదా మొదలైన నాటి నుంచి, మూడేళ్లుగా, అతడు దాన్ని విడిచి స్నానానికైనా వెళ్లలేదు. తనను చంపుతామన్న మనుషులు గేటు దగ్గర ఎవరూ లేరు. లేకపోవడమే అతన్ని మరింత భయపెడుతుంది.

"అన్నా, జల్ది తేల్చుకో," అని వెనకాయన విసుక్కుంటాడు. "నా కాడ గసుంటియి మూడున్నయ్. నేనేమన్న లొల్లి వెడ్తున్ననా?"

"అది లేకుంట నేను అడుగు తియ్యలేనమ్మా," అంటాడు సదానందం, గొంతు తగ్గించి.

"అట్ల చెప్పు మరి. ముందు నడిచేటోళ్లకే పాసు," అని కనకలక్ష్మి పాసును దారంతో పిస్తోలుకు కడుతుంది.

పిస్తోలు చొక్కాలోంచి దిగి, మెట్లెక్కిపోతుంది. తడబడదు. సదానందం చెప్పులు మెట్ల మీదే వదిలేసి వెంట పరుగెత్తుతాడు. గది తలుపు దాని వెనకే మూసుకుంటుంది. తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి అతడు చూస్తాడు. పిస్తోలు ఒళ్లు శుభ్రంగా కడుక్కుని, మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటుంది.

రవళి కళ్లు తెరుస్తుంది.

"బాపూ," అంటుంది దానితో. "నీ చెయ్యేంది, ఇంత సల్లగున్నది?"

రవళి దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ఊపిరి ఊది, ఓపికగా వెచ్చబెడుతుంది. ఇనుము మెత్తబడుతుంది. ఒక వేలు, పక్కన ఇంకో వేలు, వేలికి గోరు. చివరికి సదానందం ముఖం ఆమె మీదికి వంగి నవ్వుతుంది. మంచి నవ్వు. అంత భయం లేని నవ్వు అతడు ఎన్నడూ నవ్వి ఎరుగడు.

తలుపు ఇవతల సదానందం అద్దాన్ని తడతాడు. వేళ్లు ఖంగుమంటాయి. మోకాళ్లు బిగుస్తాయి, మెడ బిగుస్తుంది. పిలవబోయిన నోరు గుండ్రంగా తెరుచుకుని అలాగే ఉండిపోతుంది.

సాయంత్రం బాపు చేయి పట్టుకుని రవళి మెల్లగా బయటికి నడుస్తుంది. తలుపు పక్కన మనిషెత్తు ఇనుప గొట్టం నిలబడి ఉంటుంది. ఆమె ఆగి, దానికి చెవి ఆనిస్తుంది.

"పోదాం పా బిడ్డా."

"జరంత ఆగు బాపూ. లోపల ఎవరో వస్తున్నరు. నన్నెత్తుకో, చూస్త."

అతడు ఎత్తుకుంటాడు. రవళి ఆ గుండ్రటి చీకటికి ముఖం ఆనించి ఎదురుచూస్తుంది. గొట్టం అడుగున, ఎంతో దూరంలో, చెప్పుల్లేని పాదాలు ఆమె వైపే పరుగెత్తుకొస్తున్నాయి.