పొయ్యి మీద ఇసక

2019 ఫిబ్రవరి పదిహేడు, ఆదివారం. ఆ రోజు కళుగుమలై దారిలో ఒక చేను గట్టున కూర్చుని నారాయణన్ బూడిదలో కాల్చిన గెణుసుగడ్డ, అదే చిలగడదుంప, తిన్నాడు. ఒలిచి ఇచ్చింది ఆయన భార్య అముద. ఆయన నాలుక కాల్చుకుంటే, ఆగలేవా అని నవ్వింది కూడా. ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం బతకలేదు. అప్పటినుంచీ ఆయన ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని మెస్సుల్లో తిన్నాడో. ఎప్పుడేం తిన్నావని అడిగితే మాత్రం చెప్పలేడు. ఆ ఒక్క గెణుసుగడ్డే తేదీతో సహా గుర్తుండిపోయింది.

అలాంటి మనిషిని పట్టుకుని రుచి చూసి చెప్పమన్నాడు మొదలాళి, కంపెనీ యజమాని.

నారాయణన్ తాయిల్పట్టి దగ్గర ఒక బాణసంచా కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. కాలేజీలో కెమిస్ట్రీ చదివాడు. కాపురం కోవిల్‌పట్టిలో. దీపావళి సరుకంతా వెళ్ళిపోయి కంపెనీ మూసి ఉన్న రోజుల్లో పనివాళ్ళందరినీ ఒక తోపుకు తీసుకుపోయి కడుపునిండా పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఎప్పుడూ విరుదునగర్ నూనె పరోటా, దాంట్లోకి కోడి సాల్నా పులుసు. ఈ ఏడు మొదలాళి ఉదయకుమార్ మనసు బార్బెక్యూ మీదికి పోయింది. విరుదునగర్‌లో ఇళవరసి అనే అమ్మాయి చేస్తుందని ఎవరో చెప్పారు.

"నిప్పు సంగతి మీది సార్. రుచీ మీరే చూసి సరేనంటేనే" అన్నాడు ఉదయకుమార్.

ఆడవాళ్ళ తరఫున కాళియమ్మాళ్ బయలుదేరింది. టపాకాయల్లో మందు నింపే గదులకు ఆమే పెద్ద దిక్కు. ఆమె బాగుందంటే కంపెనీ అంతటికీ బాగున్నట్టే.

వ్యాను వెనక రెండు ఎర్ర బకెట్ల నిండా ఇసక చూసి ఉదయకుమార్ అడిగాడు. "భోజనానికే గదా సార్ పోతా ఉండేది?"

"నిప్పు దగ్గరికి పోతా ఉండాం" అన్నాడు నారాయణన్.

ఇళవరసి ఇల్లు ఊరి చివర. వాళ్ళ నాయన పవర్‌లూమ్ మగ్గాలు నడిపిన షెడ్డు ఇప్పుడు ఖాళీగా ఉంది. దాని ముందు, నిలువునా కోసిన నూనె డ్రమ్ములో సీమతుమ్మ బొగ్గులు ఎర్రబడుతున్నాయి. వీళ్ళు వ్యాను దిగేసరికి లోపల ఆ అమ్మాయి తల్లితో ఇంటి భాష తెలుగులో మాట్లాడుతోంది.

"ఈ ఆర్డరు కుదిరితే ఈడనే ఉంటా. కుదరకపోతే సోమవారం కోయంబత్తూరు బస్సు ఎక్కాల, పనికి రమ్మన్న ఆ హోటలోళ్ళు ఇంక ఆగరు. ఏడవబాక మా, వాళ్ళు వచ్చేసినారు."

నారాయణన్ గడప దగ్గర నిలబడి, తానూ తెలుగులోనే, "ఏడవద్దని చెప్పమ్మా. మేమింకా తినలే గదా" అన్నాడు.

ఇళవరసి నాలుక కరుచుకుంది. "మీరు మనోళ్ళా మామా?"

"ఇంగేముంది, మామా కోడలూ కలిసిపోయినారు. మాకు ఎముకలే మిగిలేది" అంది కాళియమ్మాళ్.

అందరూ డ్రమ్ము దగ్గరికి వచ్చారు. నారాయణన్ బకెట్లు దించి తన పక్కన పెట్టుకున్నాడు. పెరుగు, మిరియాలు, అల్లం పట్టించిన కోడి ముక్కలను ఇళవరసి ఇనుప చువ్వలకు గుచ్చి వరసగా పేర్చింది. చూస్తూ ఉండగానే ముక్కల అంచులు బంగారు రంగు తిరిగాయి. ఉదయకుమార్ అరిటాకు ముక్క చేతపట్టుకుని ముందుకు జరిగాడు. అప్పుడు ఒక ముక్క నుంచి కొవ్వు చుక్క జారి బొగ్గు మీద పడింది. బొగ్గు చిట్లింది. నిప్పురవ్వలు గుప్పున పైకి లేచాయి.

ఆ రవ్వలు కింద పడకముందే కాళియమ్మాళ్ మొదటి బకెట్టు ఎత్తి పోసేసింది. ఎవరో అబ్బా అనేలోగా రెండోదీ పోసింది.

డ్రమ్ము మీద చిన్న ఇసక గుట్ట లేచింది. చువ్వల చివరలు మాత్రం బయటికి కనబడుతున్నాయి. పట్టుకారు చేతిలో పట్టుకుని ఇళవరసి అలాగే నిలబడిపోయింది.

కాళియమ్మాళ్ ఖాళీ బకెట్టులోకి చూసుకుంది. "నేను పొయ్యలే సార్" అంది మెల్లగా. "చెయ్యి పోసేసింది."

నారాయణన్‌కు తెలుసు, ఆ చెయ్యి తాను నేర్పిందే. ప్రతి సోమవారం గేటు దగ్గర అందరినీ నిలబెట్టి చెప్పే పాఠం అది. రవ్వ కనబడితే అడగొద్దు, ఆలోచించొద్దు, ఇసక పోసెయ్యి. ఇంత చురుగ్గా పోసినవాళ్ళను ఆయన ఇన్నేళ్ళలో చూడలేదు. మెచ్చుకోవాలనిపించింది. ఆ అమ్మాయి ముఖం చూసి ఊరుకున్నాడు.

ఉదయకుమార్ అరిటాకు కింద పెట్టాడు. "వదిలేద్దాం సార్. ఈడ ఒకామె పోసింది. తోపులో అందరూ పోస్తారు. ఎప్పటి పరోటానే చెప్పేద్దాం."

ఆ మాట తప్పని నారాయణన్ అనలేకపోయాడు. ఇళవరసి కూడా వాదించలేదు. "అట్లే సార్. మీరు కాఫీ తాగి పోండి" అని పట్టుకారు కడగడానికి తొట్టి దగ్గరికి వెళ్ళింది. షెడ్డు గుమ్మంలో తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాఫీ వచ్చింది. ఎవరూ ఎవరి వైపూ చూడకుండా తాగారు. గ్లాసులు ఖాళీ అయ్యే వేళకు ఇసక గుట్ట వైపు నుంచి ఒక కమ్మని తీపి వాసన వచ్చింది. నారాయణన్ తల ఎత్తాడు.

"అయ్యో, గెణుసుగడ్డలు" అంది ఇళవరసి. "అమ్మకని అడుగున బూడిదలో పెట్టినా. మరిచే పోయినా మామా."

పారతో ఇసక పక్కకు లాగింది. అడుగున నిప్పు ఇంకా బతికే ఉంది. గడ్డలు తొక్క మాడి, లోపల మెత్తగా ఉడికాయి. ఒకటి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తొక్క ఒలిచి, ఊదకుండానే నోట్లో వేసుకున్నాడు. నాలుక చుర్రుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆగలేవా అన్నా? చిన్నపిల్లోడా నువ్వు?" అంది కాళియమ్మాళ్, సార్ అనడం కూడా మరిచి.

ఆయన నెమ్మదిగా నమిలి మింగాడు. "ఈ రోజు తేదీ ఎంత?"

"ఇరవై మూడు సార్. ఎందుకు?" అన్నాడు ఉదయకుమార్.

"ఊరికే." ఆయన ఇళవరసి వైపు తిరిగాడు. "కోడి ఇంకా ఉండాదా అమ్మా?"

"సగం లోపల ఉండాది."

"ఇంగోసారి పెట్టు." గోడకు ఆనించి ఉన్న తాటాకు విసనకర్ర తీసి కాళియమ్మాళ్‌కు ఇచ్చాడు. "ఈసారి నువ్వు విసురు."

"నిప్పుకా? నేనా?"

"ఇది మందు గది కాదు కాళియమ్మా. ఈడ రవ్వ లేస్తే కోడి ఉడుకుతా ఉండాదని అర్థం."

ఆమె మొదట చెయ్యి బారుగా చాచి, ముఖం పక్కకు తిప్పుకుని విసిరింది. రవ్వలు లేచినప్పుడు ఒకసారి చెయ్యి ఆగింది. ఖాళీ బకెట్ల వైపు చూసింది, తర్వాత నారాయణన్ వైపు. ఆయన తల ఊపాడు. మళ్ళీ విసిరింది. కాసేపటికి ముందుకు వంగి, చెమట తుడుచుకుంటూ, "ఆ మూల ముక్క తిప్పమ్మీ, మాడిపోతా ఉండాది" అని ఇళవరసిని అదిలించడం మొదలుపెట్టింది.

ఉదయకుమార్ అదంతా చూస్తూ తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు. "అక్క విసురుతా ఉంటే ఇంకెవరూ పొయ్యరు సార్."

"అదే నేనూ అనుకుంటా ఉండా."

"బకెట్లు?"

"ఉంటాయి. నా పక్కన, నా చేతికి అందేట్టు. డ్రమ్ములు తోపు చివర పల్లంలో పెట్టాల, జనం గాలి వచ్చే వైపు కూర్చోవాల." కోడి ముక్క కొరికి చూశాడు. మిరియం గొంతులో వెచ్చగా దిగింది. "బాగుండాదమ్మా. దీంతోపాటు గెణుసుగడ్డలు కూడా పెట్టు, అందరికీ."

"ఉప్పు కొంచెం తక్కువే" అంది కాళియమ్మాళ్ మూడో ముక్క తీసుకుంటూ.

ఇళవరసి షెడ్డు వైపు తిరిగి, "అమ్మా, సోమవారం బస్సుకు పోను" అంది. లోపల గిన్నెలు గబగబా కడుగుతున్న చప్పుడు వినిపించింది.

దీపాలు పెట్టే వేళ దాటాక నారాయణన్ కోవిల్‌పట్టిలో ఇంటికి చేరాడు. సంచిలో కాగితం చుట్టిన గెణుసుగడ్డ ఒకటి ఉంది. గడప మీద కూర్చుని ఒలిచి తిన్నాడు. చల్లారినా తీపి తగ్గలేదు. పక్కింటి పసిబిడ్డ సాయంత్రం నుంచీ ఏడ్చి అప్పుడే నిద్రపోయినట్టుంది, తల్లి జోల ఆగింది. ఆయన లేచి తొక్కలు కాగితంలో పొట్లం కట్టాడు. తన ఇంటి తలుపు నేలకు రాసుకుని కిర్రుమంటుంది. అందుకని రెండు చేతులా కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు లేకుండా మూశాడు.