గోళ్ళ రంగు పూలు

అమ్మ కుట్టుపెట్టెను ఒళ్ళో పెట్టుకుని, ముఖం కందగడ్డ చేసుకుని కూర్చుంది కూతురు. పక్కనే వదిన, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ ఉంది.

పెట్టె అమ్మమ్మ వాళ్ళ అమ్మ కాలం నాటిది. నిగనిగలాడే నల్లపూత మీద వెంట్రుకంత కుంచెతో వేసిన పూలతీగ, తీగ చివర తోకలు పెనవేసుకున్న జంట పిట్టలు. మూత తీస్తే మాసిన మఖమలు, సూదుల దిండు, దారపు ఉండలకు చిన్నచిన్న గళ్ళు. అంత నాజూకు పనితనం మధ్య, ముందువైపు పూలు మాత్రం ఎర్రగా, బొద్దుగా, బొబ్బల్లా లేచి ఉన్నాయి.

"చూడండి, ఎవరో గోళ్ళ రంగు పులిమేశారు," అంది కూతురు, పాత పెట్టెలకు రంగులు దిద్దే ఆవిడతో. ఎవరో అన్నమాటే గానీ చూపు వదిన మీదికే పోయింది. అమ్మ పోయాక ఇల్లు సర్దుతుంటే ఈ పెట్టె బయటపడింది.

రంగులావిడ దూదికి మందు అద్ది ఒక రేకు మీద మెల్లగా రాసింది. ఎరుపు ఊడొచ్చింది.

"వచ్చేస్తుంది. కానీ కింద అసలు రంగెప్పుడో అరిగిపోయింది. పైగా ఇది పులమడం కాదమ్మా. ఆరనిచ్చి ఆరనిచ్చి, పూత మీద పూత వేశారు. ఎందుకో మరి!"

అప్పుడు నోరు విప్పింది వదిన.

"అత్తయ్యకు చూపు తగ్గిపోయింది. ఎటువైపు తెరవాలో తెలీక పెట్టె తలకిందులు చేసేవారు, సూదులన్నీ నేలపాలు. ముందువైపేదో వేళ్ళకు తగిలితే తెలుస్తుందని పూలు ఎత్తు చేశాను."

"చూపు తగ్గిందా? ఫోన్లో నాతో ఒక్కసారీ అనలేదే!"

"అప్పుడు నీకు నెలలు నిండుతున్నాయి కదమ్మాయ్. చెప్తే పడుతూ లేస్తూ వచ్చేస్తావని నాచేత ఒట్టు వేయించుకున్నారు."

కూతురికి పాప గౌను కళ్ళలో మెదిలింది. అమ్మ కుట్టి పంపింది. కుట్లన్నీ వంకరటింకర. 'ఏంటమ్మా, కుక్కలు తరిమాయా?' అని తను ఆటపట్టిస్తే, అమ్మ పడీపడీ నవ్వింది. కూతురు కొంగుతో కళ్ళొత్తుకుంది. వదిన ఆమె వీపు మీద చేయి వేసి నిమిరింది.

"మరి ఏం చేయమంటారు?" అంది రంగులావిడ, దూది పక్కన పెట్టి.

"పూల జోలికి పోకండి. పిట్టల తోకలు పెచ్చులూడుతున్నాయి, అవి నిలబెట్టండి చాలు." కూతురు వదిన వైపు తిరిగింది. "ఊడిన రేకు మాత్రం నువ్వే వెయ్యాలి."

"ఆ సీసా ఎప్పుడో ఎండిపోయింది!"

"ఎరుపుకేం కరువు? పద."

వీధి మలుపులో గాజుల దుకాణం ఉంది. అక్కడ ఒకటి ముదురని, ఒకటి వెలిసినట్టుందని ఇద్దరూ వాదులాడుకుంటుంటే దుకాణదారు తల పట్టుకున్నాడు. చివరికి వదిన ఒక సీసా మూత తీసి, ఆడపడుచు చేయి దగ్గరికి లాక్కుని, రంగు ఎలా ఉందో చూద్దామని బొటనవేలి గోటికి అద్దింది.