గుప్పిట్లో జుట్టు

కుర్చీలు గుండ్రంగా వెయ్యమన్నది ఎవరో గాని వాళ్ళకో దండం, వరసల్లో వేసుంటే వెనక్కెళ్ళి కూర్చునేదాన్ని, గుండ్రంలో వెనకంటూ ఉండదు, ఎటు తల తిప్పినా ఎవరిదో ఒక మొహం, నా అదృష్టం కొద్దీ సరిగ్గా ఎదురుగా పిచ్చుక, తలకి స్కార్ఫు కట్టుకుని నేల మీద గళ్ళు లెక్కపెడుతోంది, నా కింద పనిచేసే పిల్ల, పిచ్చుక అన్న పేరు నేనే పెట్టాను, నడవడం రాదు దానికి, గెంతుతుంది, ఇవాళ మాత్రం నడిచే వచ్చింది, మూడు రోజుల తర్వాత మళ్ళీ పనిలోకి, ఈ గదికి మేనేజరు పెట్టిన పేరు విశ్రాంతి గది, మావాళ్ళు పెట్టిన పేరు ఏడుపు గది, ఈ వృద్ధుల ఆశ్రమంలో పనిచేసేవాళ్ళకి ఏదైనా జరిగితే ఇక మీదట ఇక్కడ కూర్చోబెట్టి మాట్లాడాలట, గోడలకి లేత ఆకుపచ్చ, రంగు వాసన ఇంకా పోలేదు, బల్ల మీద కాగితపు రుమాళ్ళ డబ్బా, ఒక్కరూ ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఏడ్చినట్టే లెక్క, శిక్షణ ఇవ్వడానికొచ్చినావిడ మెల్లగా చెబుతోంది, దెబ్బ తిన్న మనిషిని నువ్వేం చేశావు అని అడక్కండి, నీకేమైంది అని అడగండి, రాసుకోండి, అందరం బుద్ధిగా రాసుకున్నాం, నా చేతిరాత బాగుంటుంది, అందుకేగా ఇరవై ఏళ్ళుగా ఇక్కడి రిజిస్టరు నా చేతిలోనే ఉంది, మంగళవారం ఆ చేతిరాతతోనే రాశాను, సిబ్బంది నిర్లక్ష్యం వల్ల మాస్టారి మణికట్టు మీద గోరు గీత పడింది అని, అచ్చు వేసినట్టు, ఆ కింద మనిషి బొమ్మ ఉంటుంది, ముందు వైపొకటి, వెనక వైపొకటి, గాయం ఎక్కడుంటే అక్కడ గుర్తు పెట్టాలి, మణికట్టు దగ్గర ఎర్ర పెన్నుతో చిన్న గీత పెట్టాను, పిచ్చుకకి బొమ్మ లేదు, ఆ రిజిస్టరులో పనివాళ్ళకి బొమ్మలుండవు, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అదేమిటని అడిగానా.

మాస్టారు ఇక్కడుండే పెద్దాయన, ఒకప్పుడు లెక్కలు చెప్పినాయన, ఇప్పుడు ఒంట్లు కూడా గుర్తులేవు, తల మీద నీళ్ళు పడితే మునిగిపోతున్నాననుకుని అందింది పట్టుకుంటారు, పాపం ఆయన తప్పు కాదు, అందుకే ఆయన స్నానానికి ఇద్దరుండాలని నియమం, పెట్టింది నేనే, కాగితం మీద రాసి తలుపుకి అంటించింది నేనే, ఆ రోజు ఇంకో అమ్మాయి రాలేదు, పన్నెండింటికి మాస్టారి కొడుకు చూడ్డానికొస్తాడు, ఆలోపు నీటుగా తయారు చేసి కూర్చోబెట్టాలి, వెళ్ళు బంగారం, నీకేం, నువ్వు చిటికెలో చేసేస్తావు అన్నాను పిచ్చుకతో, ఎవరికైనా పని అంటగట్టేటప్పుడే నా నోటికి బంగారాలొస్తాయి, ఒక్కదాన్నేనా అక్కా అంది, వినబడనట్టు దుప్పటి మడతపెట్టాను, వినబడింది, దుప్పటి రెండు కొసలూ చేతిలో ఉండగా స్పష్టంగా వినబడింది, తర్వాత అరుపు, వెళ్ళేసరికి నీళ్ళు పారుతూనే ఉన్నాయి, పిచ్చుక గోడకి ఆనుకుని రెండు చేతులతో తల పట్టుకుని ఉంది, మాస్టారు గుప్పిట బిగించి వణికిపోతున్నారు, నేను ముందు ఆయన దగ్గరికే వెళ్ళాను, ఏం లేదండీ మాస్టారూ, ఏం లేదు అంటూ ఒక్కో వేలూ నెమ్మదిగా తెరిచాను, లోపల జుట్టు, చిటికెన వేలంత పాయ, కుదుళ్ళతో సహా, దాన్ని చెత్తబుట్టలో వేశాను, ఆయన చెయ్యి సబ్బుతో కడిగాను, విడిపించుకునేటప్పుడు పిచ్చుక గోరు తగిలి పడ్డ గీతకి మందు రాశాను, ఇదంతా అయ్యాక, అయ్యాకే, అటు తిరిగి ఏమన్నాను, జుట్టు బిగించి ముడేసుకోమని ఎన్నిసార్లు చెప్పాను నీకు, తడి బట్టలు మార్చుకుని రా, భోజనాల టైమైంది, అది వచ్చింది కూడా, వడ్డించింది కూడా, చేతిలో గిన్నె మీద మూత టపటపా కొట్టుకుంటుంటే ఆ చప్పుడు వినలేక నేను వంటగదిలోకి వెళ్ళిపోయాను, ఛీ.

ఆ మధ్యాహ్నం మాస్టారి కొడుకు ఆ గీత చూసి గొడవ చేశాడు, మేనేజరు పొద్దున నన్ను పిలిచి, ఈ శిక్షణ అయిపోగానే ఆ అమ్మాయి సంగతి తేల్చేద్దామండీ, ఉంచాలో పంపాలో, మీరు రాసిందే కదా మనకి ఆధారం అన్నాడు, నేను తలూపాను, గంగిరెద్దు నయం, నా ఎడం చేతి మీద ఈ మచ్చ, చేరిన కొత్తలో మందు మింగిస్తుంటే ఒక ముసలామె కొరికింది, అప్పట్లో మా పైన ఉన్న మేట్రన్ కట్టు కట్టలేదు, నోటి దగ్గర చెయ్యెందుకు పెట్టావు అంది, ఇంటికెళ్ళి అమ్మతో కుక్క కరిచిందన్నాను, కుక్కంటే అయ్యో అంటారని, ఆ మేట్రన్ రిటైరైన రోజు మైకు పట్టుకుని మరీ చెప్పాను, ఆవిడ తిట్టినా మా మంచికే తిట్టారు అని, అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

శిక్షణ ఇస్తున్నావిడ అడుగుతోంది, మీకేదైనా జరిగితే భయం లేకుండా వెళ్ళి చెప్పుకునే మనిషి ఇక్కడ ఎవరైనా ఉన్నారా, అందరికీ ఉన్నట్టుండి చెప్పులు చూసుకోవాలనిపించింది, పిచ్చుక తలెత్తింది, అక్క ఉందండీ అంది, నన్నే చూపించింది, అక్క తిట్టినా నా మంచికే తిడుతుంది, ఆ రోజు నేనే జుట్టు సరిగ్గా ముడేసుకోలేదు, మాతోపాటే గుండ్రంలో కూర్చున్న మేనేజరు హమ్మయ్య అన్నట్టు ఏదో రాసుకుంటున్నాడు, నా మంచికే, మైకులో నేనన్న మాటే, పొల్లు పోకుండా, దీనికెవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు, మేట్రన్ ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తోంది కాబట్టి ఆ రోజు నేనలా అన్నాను, ఇప్పుడు నేను చూస్తున్నాను కాబట్టి ఇది అంటోంది, ఇన్నాళ్ళూ అక్కా అక్కా అని నా వెనక తిరుగుతుంటే గౌరవమనుకున్నాను, లేచి నిలబడ్డానని నిలబడ్డాకే తెలిసింది, దాన్ని ఒక్కదాన్నే పంపింది నేనండీ, ఇద్దరుండాలని తెలిసే పంపాను, రిజిస్టరులో అది రాయలేదు, నిర్లక్ష్యం నాది, మేనేజరు పెన్ను ఆగిపోయింది, ఊరుకో అక్కా, పరవాలేదు అంటోంది పిచ్చుక, ఇంకా నన్నే కాపాడుతోంది పిచ్చిది, పోతే పోనీ నా ఉద్యోగం, ఆవిడ రాయించిన మాట అడగాలి, నీకేమైంది అని, ఆ మాట కాక ఇంకేదో వచ్చింది, తల నొప్పిగా ఉందా అమ్మా అన్నాను, అందరూ అటు తిరిగారు, పిచ్చుక చెయ్యి స్కార్ఫు దాకా వెళ్ళి ఆగింది, ముందు నా మొహంలోకి చూసింది, ఉందనమంటానో లేదనమంటానో వెతుక్కుంటూ, తన నొప్పి చెప్పడానికి ముందు నా మొహం చూడ్డం ఆ పిల్లకి నేర్పింది నేనే.