ఆరేళ్ళ పన్ను

కటింగ్ కుర్చీలో తల కదపకుండా కూర్చోవడం ఏ పిల్లాడూ పుట్టుకతో నేర్చుకుని రాడు. అందుకే షాపులో అద్దం ముందు, దువ్వెనల పక్కన, చాక్లెట్ల సీసా. తొందరగా కరగని గట్టి రకం. ఏడుపు అందుకోగానే ఒకటి నోట్లో పడేస్తే కత్తెర పని సాఫీగా సాగిపోతుంది.

షాపతని కూతుర్ని అందరూ పిచ్చుక అంటారు. తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని నుంచి వచ్చేదాకా, బడి వదిలాక ఆ పిల్ల షాపు బెంచీ మీదే. విసిగించకుండా ఉండడానికి దానికీ అదే సీసా. సాయంత్రం దాకా బుగ్గలో ఒకటి నానుతూనే ఉండేది.

వెనకాల పన్ను గోధుమరంగుకి తిరిగింది. తర్వాత నల్లబడింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చూశారు. పాలపన్నేగా, ఊడి కొత్తది వస్తుందిలే అనుకున్నారు. ముందు పళ్ళు ఒక్కొక్కటే ఊడి మళ్ళీ వస్తుంటే ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. చివరికి దవడ వాచి, పిల్ల ముద్ద మింగలేక ఏడుస్తుంటే పళ్ళాసుపత్రికి తీసుకెళ్ళారు.

"పీకెయ్యండి మేడమ్. ఎలాగూ కొత్తది వస్తుందిగా," అన్నాడతను ధీమాగా.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసింది. "ఇది పాలపన్నని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలాండీ? చిన్నపిల్ల."

"ఇది ఆరేళ్ళకి వచ్చే పన్నండీ. ఏదీ ఊడకుండానే, పాలపళ్ళ వెనకాల చప్పుడు లేకుండా వస్తుంది. ముసలిదయ్యేదాకా దీంతోనే నమలాలి. లోపలిదాకా పుచ్చిపోయింది, నేను నిలబెట్టలేను. తీసేస్తే మళ్ళీ రాదు."

భార్యే అడిగింది. "ఏం చేసుంటే ఉండేదండీ?"

"తీపి తినొద్దని కాదమ్మా. తింటే అన్నంతో పాటు తిని నోరు పుక్కిలించాలి. పూటంతా బుగ్గన పెట్టుకుంటే పంటికి ఊపిరాడదు. పడుకునే ముందు మీరే దగ్గరుండి తోమాలి. కొత్తగా వచ్చినప్పుడే తీసుకొస్తే పుచ్చకుండా పైన గుంటలు మందుతో పూడ్చేసేదాన్ని. అటువైపుదీ పుచ్చడం మొదలైంది. దాన్నయినా చూసుకోండి."

పన్ను తీసి, దూది పెట్టి పంపారు. రోడ్డెక్కాక భార్య నోరు విప్పింది.

"ఊళ్ళో పిల్లల తలలన్నీ నీ చేతుల్లోనే. సొంత పిల్ల నోట్లోకి తొంగిచూసే తీరిక మాత్రం లేదు."

"నువ్వూ పాలపన్నే అన్నావుగా."

"అన్నాను. నువ్వేమన్నా కాదన్నావా?"

ఆమె పనికి వెళ్ళిపోయింది. పిచ్చుక తండ్రి చెయ్యి లాగింది. "నాన్నా, కొత్తదెప్పుడొస్తుంది?"

"దూది పడిపోతుంది. మాట్లాడకు."

షాపు తెరవగానే అతను సీసా తీసి బల్లకింద పెట్టేశాడు. కాసేపటికి ఒకాయన కొడుకుని లాక్కొచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టగానే వాడు నోరంతా తెరిచి ఏడుపు లంకించుకున్నాడు. ఆ నోట్లో, చిట్టచివర, ఇంకా మచ్చపడని పన్ను తెల్లగా కనబడింది.

"వెనకాలది పాలపన్ను కాదండీ. జాగ్రత్తగా చూసుకోండి," అన్నాడతను.

"పళ్ళ డాక్టరువెప్పుడయ్యావయ్యా? ముందు వీడి నోరు మూయించు. నీ సీసా ఏది?"

"తీసేశానండీ."

"అయితే ఎదురు షాపుకి పోతాం. అక్కడ రెండేసి ఇస్తున్నాడట."

అతను కత్తెర పెట్టబోతే పిల్లాడు తల విదిలించాడు. కత్తెర మొన చెవి పక్కనుంచి పోయింది. అతను కత్తెర దించాడు. తర్వాత వంగి సీసా బయటికి తీశాడు.

మూత చప్పుడుకి బెంచీ మీద పిచ్చుక తలెత్తింది.

"నాకొద్దులే నాన్నా," అంది దూది నోటితోనే. "కొత్త పన్ను వచ్చాక తింటా."

అతను కత్తెర ఆడించాడు. పిల్లాడు కదల్లేదు.