బ్రొకేడ్ మీద పాలమరక

పదకొండు గంటల వేళ, కుట్టు షెడ్డులో చేతి కుట్లు వేసే టాకాల పిల్లను కటింగ్ బల్ల ఎక్కించి నిలబెట్టాడు మేస్త్రీ. యజమాని విదేశీ బేరగాళ్ళను వెంటబెట్టుకుని వస్తున్నాడు. నడుము బిగించే కార్సెట్ తొడిగి చూపించే బొమ్మ విరిగిపోయింది. బొమ్మ నడుము కొలతకు దగ్గరగా ఉన్నది ఆ పిల్ల ఒక్కతే. తేడా ఉన్న మేర తాళ్ళు బిగించి సరిపెడదామన్నాడు మేస్త్రీ. కాన్పై మూడు నెలలే అయిందని షెడ్డులో అందరికీ తెలుసు, అతనికీ తెలుసు.

ఎర్రటి బ్రొకేడ్, నిండా బంగారు జరీ పువ్వులు. అట్టలా బిర్రుగా ఉండే బట్ట. దాని లోపల వరసగా ఉక్కు పుల్లలు. ఆ పుల్లలు దూర్చి కుట్టు మూసేది పుల్లల వదిన. ఎనిమిదేళ్ళుగా అదే పని. తను మూసిన పుల్లలు మనిషి ఒంటిని ఎలా నొక్కుతాయో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూసింది.

జాకెట్టు మీదనే తొడిగి తాళ్ళు లాగాడు మేస్త్రీ.

"అన్నా, పాలు చేపుకొస్తున్నాయి. మా అమ్మ బిడ్డను గేటు దగ్గరికి తెచ్చుంటుంది. ఒక్కసారి తలుపు తియ్యి."

"తలుపు తీస్తే జరీ ముక్కలు కాళ్ళొచ్చి నడిచిపోతాయి. బేరగాళ్ళు వెళ్ళాక చూద్దాం."

నలభై మంది ఆడవాళ్ళు. ఒక్కటే తలుపు, దానికి తాళం. కిటికీలకు ఇనప జాలీ.

మేస్త్రీ ఇంకో అంగుళం లాగాడు. బ్రొకేడ్ మీద రెండు తడి మరకలు తేలాయి. "సరుకు నాశనం చేశావు కదే!" అని అరిచాడు. ఆ పిల్ల కళ్ళు తేలేసి ఒరిగిపోయింది.

వదిన పరుగెత్తి పట్టుకుంది. ముడి ఎంత లాగినా రాలేదు. కత్తెర అందుకుని రెండు పుల్లల మధ్య బ్రొకేడ్‌ను కింది నుంచి పైదాకా కోసేసింది. పిల్ల ఊపిరి పీల్చింది. షెడ్డు మొత్తం ఊపిరి బిగబట్టింది.

"ఉండండి, యజమానికే చెప్తా మీ సంగతి" అంటూ మేస్త్రీ బయటికి పోయి తాళం వేశాడు.

అందరిలోకీ పెద్దదైన ఓవర్‌లాక్ అత్త, బట్ట అంచులు కుట్టేది, గుండెలు బాదుకుంది. "ఎంత పని చేశావే! వచ్చాక కాళ్ళు పట్టుకో. మనమున్న గదులు కూడా యజమాని బామ్మర్దివే. పని పోతే గది పోతుంది."

వదినకు తెలియనిదా? మంచాన పడ్డ మొగుణ్ణి మోసుకుని ఏ వీధిన నిలబడాలి?

"కాళ్ళు పట్టుకుంటే ఈ తలుపు తీసే ఉంచుతాడా అత్తా?"

"ఉంచడు."

"రేపు దీన్ని మళ్ళీ బల్లెక్కించడా?"

అత్త కోసిన బ్రొకేడ్‌ను పిల్ల ఒంటి మీంచి లాగేసింది.

"బాగానే చెప్తున్నావు. మా ఇంట్లో పొయ్యి నువ్వొచ్చి వెలిగిస్తావా?" అంది వెనక మిషన్ మీది ఆవిడ.

"ఇవాళ ఇది పడిపోయింది. రేపు ఇక్కడ నిప్పంటుకుంటే?" అంది వదిన. "ఇన్ని గుడ్డలు, ఒక్క తలుపు. ఏ పొయ్యి వెలిగించడానికి ఎవరం మిగుల్తాం?"

గేటు వైపు నుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. టాకాల పిల్ల తూలుతూ లేచి జాలీకి మొహం ఆనించింది. అత్త ఆ ఏడుపు కాసేపు విన్నది.

"నా రెండోవాడప్పుడు నేనూ ఇక్కడే, గుడ్డలు కుక్కుకుని కుట్టాను. పదిహేను రోజుల్లో పాలు ఇంకిపోయాయి. సిగ్గేసి ఎవరికీ చెప్పుకోలేదు."

లేచి వెళ్ళి తన మిషన్ స్విచ్ కట్టేసింది. "పగలంతా తలుపు తీసి ఉంచుతామనేదాకా ఇది తిరగదు."

పక్క మిషన్ ఆగింది. దాని పక్కది. ఆఖరికి పొయ్యి గురించి అడిగినావిడది కూడా.

గంట తర్వాత యజమాని, బేరగాళ్ళను హోటల్లోనే ఆపి, పోలీసులతో వచ్చాడు. తలుపు తెరుచుకోగానే టాకాల పిల్ల అతన్ని తోసుకుని గేటుకు పరిగెత్తింది.

"మీరంతా నా ఆడపడుచుల్లాంటివాళ్ళు" అన్నాడు యజమాని మెత్తగా. "ఎల్లుండి సరుకు ఓడెక్కాలి. ముందు కుట్టండి, తలుపు సంగతి తర్వాత."

"ఆడపడుచుల్ని లోపల పెట్టి తాళం వేస్తారా బాబూ?" అంది అత్త.

మెత్తదనం పోయింది. బట్ట కోసిన వదినను జీపెక్కించారు.

మర్నాడు పొద్దున స్టేషన్లో ఇన్స్పెక్టర్ ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు. "ఓవర్‌లాక్ ముసలిది రెచ్చగొట్టిందని రాశాం. సంతకం పెట్టి ఇంటికి పో."

ఇంటికి. రాత్రి మొగుడికి మంచినీళ్ళు ఎవరిచ్చారో! పెన్ను ఆమె వేళ్ళ మధ్యే ఉంది. గది ఇరుకు, గోడలు మీదికొస్తున్నాయి.

అప్పుడే బిడ్డను భుజాన వేసుకుని టాకాల పిల్ల గుమ్మంలోకి వచ్చింది. "వదినా! అన్నయ్యకి మేం అన్నం పెట్టాం, దిగులు పడకు."

"మిషన్లు?"

"మావి తిరగలేదు. మమ్మల్ని బయటికి గెంటి, తెల్లారగానే కొత్తవాళ్ళని వ్యాన్లో తెచ్చారు. అత్త గేటుకడ్డంగా కూర్చుని జరిగిందంతా చెప్పింది. సగం మంది దిగి మా పక్కనే కూర్చున్నారు."

"మిగతా సగం?"

"లోపలికి పోయారు. వాళ్ళకీ తాళం వేశారు."

వదిన పెన్ను బల్ల మీద పెట్టేసింది. "నేను పెట్టను సార్."

"ఇక్కడే కుళ్ళిపోతావు!"

ఆమె అతని వైపు చూడలేదు. భయం పోలేదు, అయినా టాకాల పిల్ల వైపు తిరిగింది. "జాలీ దగ్గరికి పోయి లోపలున్న వాళ్ళతో మాట్లాడండే. వాళ్ళు మన శత్రువులు కాదు. పక్క షెడ్డుకి కూడా పోండి, అక్కడా ఇదే తాళం."

"ఆపండి దాన్ని!" అని ఇన్స్పెక్టర్ కేకేసేసరికి, టాకాల పిల్ల బిడ్డను గుండెకు హత్తుకుని వీధి మలుపు తిరిగిపోయింది.